మా బావ బిగించిన మెడ

ఇంజనీరింగ్ పాసై బయటికొచ్చిన ఆ కొత్తలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తరవాతే ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఆ రోజుల్లో ఉక్కునగరంలో అక్కా బావల క్వార్టర్లో ఉంటూ, రెండు బస్సులు మారి పెందుర్తి దగ్గర ఒక ప్రైవేటు స్కూలుకి వెళ్ళేవాణ్ణి. అక్కడ రోబో ల్యాబుకి నేను మాస్టర్ని, అదీ తాత్కాలికంగా. వార్షికోత్సవానికి ఒక రోబోని చేసి వేదికెక్కిస్తే ఉద్యోగం పర్మనెంటు చేస్తానని ప్రిన్సిపల్ మేడమ్ మాటిచ్చారు. "పెద్దగా ఏం వద్దు మాస్టారూ, ముఖ్య అతిథి రాగానే తల తిప్పి ఆయన వైపు చూడాలి, అంతే" అన్నారావిడ. అని ఊరుకోకుండా ఆ ముక్కని ఆహ్వానపత్రికలో కూడా అచ్చు వేయించేశారు. (పిలవగానే తల తిప్పడం అంత తేలికైతే మా బావ టీవీ ముందు ఎప్పుడో తిప్పి ఉండేవాడని మా అక్క వాదన.)

అది పూర్తయ్యేదాకా స్కూలుకి రానక్కర్లేదన్నారు, దాంతో ఇంట్లోనే మొదలెట్టాను. ప్లైవుడ్ ఒళ్ళు, కింద మోటార్లున్న రెండు చక్రాలు, ముందు ఎటంటే అటు తిరిగే ఒక చిన్న చక్రం, పైన ప్లాస్టిక్ డబ్బా తల, అందులో రెండు ఎర్రలైట్ల కళ్ళు. అంతవరకూ బాగానే కుదిరింది. వచ్చిన చిక్కల్లా మెడ దగ్గరే. తల తిప్పడానికి బొటనవేలంత మోటారు పెట్టాను. ఎడమకి తిరిగేటప్పుడు తల వణికేది, కుడికి వచ్చేటప్పుడు సగంలో ఆగి ఆలోచించేది. మూడో రోజుకి మోటారు లోపలి ప్లాస్టిక్ పళ్ళు అరిగిపోయాయి. ఇంకోటి తెచ్చాను, అదీ పోయింది. మూడోది బిగిస్తూ ఉండగా పొద్దుటి 'ఏ' షిఫ్టు దిగి బావ ఇంటికొచ్చాడు. బావ స్టీల్ ప్లాంటులో ఫిట్టరు. బూట్లయినా విప్పకుండా వచ్చి, చూపుడువేలితో రోబో తలని మెల్లిగా తోశాడు.

"ఏటి బావా ఇది? ఇలగ ఊగిపోతందేటి?" (మా వైపు బావా, బావమరిదీ ఒకళ్ళనొకళ్ళు బావా అనే పిలుచుకుంటారు. మర్యాద ఇద్దరికీ సమానం, చాకిరీ మాత్రం బావమరిదిది.)

"తేలిగ్గా ఉండాలని అలా చేశాను బావా. లెక్క కట్టే చేశాను" అన్నాను, డిగ్రీ అంతా గొంతులోకి తెచ్చుకుని.

"నీ లెక్క సంగతి నాకు తెల్దు గానీ, ఊగిందంటే అది మిషను కాదు" అని స్నానానికి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి బావకి బీ షిఫ్టు. అంటే పొద్దున్నంతా ఖాళీ. గాజువాకలో తెలిసినవాళ్ళ లేత్ షాపుకి వెళ్ళి, రెండ్రోజుల తరవాత ఒక గోనెసంచి మోసుకొచ్చాడు. అందులో పాత కారు వైపర్ మోటారు, నా పిడికిలంత బేరింగు, ఇనప షాఫ్టు, వేలు మందం ప్లేటు ఉన్నాయి. నేను వద్దు మొర్రో అంటూనే ఉన్నాను, ఆయన బిగిస్తూనే ఉన్నాడు. నాలుగు బోల్టులు, బోల్టుకి రెండేసి నట్లు. రెండోదెందుకని అడిగితే "ఒకటి వదులైతే రెండోది పట్టుకుంటాది" అన్నాడు. ఇంత బందోబస్తు మీద ప్లాస్టిక్ డబ్బా ఏం బాగుంటుందని వంటింట్లోకి వెళ్ళి ఇడ్లీ పాత్ర పట్టుకొచ్చి బోర్లించాడు. రెండు పక్కలా పిడులు చెవుల్లా కుదిరాయి.

"ఓలమ్మా, నా ఇడ్లీ పాత్రకి కన్నాలెట్టేసినావేటి!" అని అక్క లబోదిబోమంది. ఆ తరవాత రెండు వారాలు మాకు ఉప్మాయే.

స్విచ్చు వేశాం. వైపర్ మోటారు మూలిగింది. తల కదల్లేదు. దాని కింద రోబో ఒళ్ళంతా నున్నటి గచ్చు మీద గిర్రున తిరగడం మొదలెట్టింది. తల బరువు ఒంటి బరువుకి రెట్టింపుంటే ఇంకేమవుతుంది? ఇదే కదా నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అని కోపం నషాళానికంటింది. బావ మాత్రం చేతులు కట్టుకుని కాసేపు చూసి, "పునాది లేదు బావా. మిషనన్నాక పునాదుండాల" అని తేల్చాడు. మర్నాడు మధ్యాహ్నం ఆయన డ్యూటీకెళ్ళే వేళకి రోబో అడుగున ఇంకో ఇనప ప్లేటు వెలిసింది. ఇప్పుడు తల నిక్షేపంగా తిరుగుతోంది గానీ, ఆ బరువుకి చక్రాల మోటార్లు చేతులెత్తేశాయి. నా రోబో ఇక అంగుళం నడవదు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "నీకు సరదాగా ఉంది. ఇది చెడితే నా ఉద్యోగం పోతుంది బావా, నా బతుకు మీద ఫిట్టింగులు చెయ్యకు" అని అరిచేశాను. బావ ఒక నట్టు ఇంకొంచెం బిగించి, "తల తిరగాల అన్నారు గదా. తిరుగుతాది" అని డ్యూటీకి వెళ్ళిపోయాడు. వార్షికోత్సవం రెండ్రోజుల్లోకి వచ్చింది. మెడ విప్పి మళ్ళీ చేసే వ్యవధి లేదు. విప్పే శక్తి అసలే లేదు, ఆ నట్లు బిగించింది మా బావ.

స్కూలుకి ఆటోలో తీసుకెళ్తుంటే "ఇందల ఏటున్నాది సార్, లారీ ఇంజనా?" అన్నాడు డ్రైవరు. నలుగురం పట్టి వేదికెక్కించాం. ముఖ్య అతిథి ఓడల మరమ్మతుల్లో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయనకి దండ వేశారు, శాలువా కప్పారు. మేడమ్ నా వైపు చూశారు. నేను బటన్ నొక్కాను. ఇడ్లీ పాత్ర మెల్లగా, వణుకన్నది లేకుండా తిరిగి, ఎర్రటి కళ్ళతో సూటిగా ఆయన్ని చూసింది. చప్పట్లే చప్పట్లు. మేడమ్ తల ఊపారు. ఉద్యోగం జేబులో పడిందనుకున్నాను.

పెద్దాయన ముచ్చటపడి లేచొచ్చి, వంగి దాని కళ్ళలోకి చూశారు. శాలువా చెంగు జారి ఇడ్లీ పాత్ర చెవికి తగులుకుంది. కంగారులో నేను ఆపే బటన్ అనుకుని తిప్పే బటన్ నొక్కాను. ఆగడం లేదని ఇంకా గట్టిగా నొక్కాను. నా బొటనవేలంత మోటారైతే పాపం అప్పుడే ప్రాణాలు విడిచేది. ఇది మా బావ పెట్టింది. శాలువాని చుట్టుకుంటూ, దండని లాక్కుంటూ, రెండో కొస వదలని పెద్దాయన్ని కూడా దగ్గరికి తీసుకుంటోంది. హాలంతా నవ్వులు, కేకలు. మేడమ్ మొహం చూసే ధైర్యం నాకు లేదు.

మూడో వరసలోంచి, ఆ రోజుకి షిఫ్టు మార్చుకుని, పొద్దుటి డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చిన బావ ఒక్క అంగలో వేదికెక్కి బ్యాటరీ తీగ పీకేశాడు. పెద్దాయన వైపు గానీ నా వైపు గానీ చూళ్ళేదు. రోబో మెడ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాడు.

"సూసినావా బావా? ఇంత లాగినా ఊగలేదు."

మైకు పక్కనే ఉంది. ఆ మాట హాలంతా మోగింది. నవ్వులు తగ్గాక పెద్దాయన ఊపిరి పీల్చుకుని, చూపుడువేలితో ఆ తలని తోసి చూశారు. మళ్ళీ తోశారు. "ఈ మెడ ఎవరు చేశారు?" అన్నారు.

మేడమ్ అక్కడే ఉన్నారు, ఉద్యోగం ఇంకా గాల్లోనే ఉంది. నేనేనని చెప్పాలన్న దురాశ పుట్టిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. "మా బావండి. ప్లాంటులో ఫిట్టరు" అన్నాను చివరికి.

పెద్దాయన ఇడ్లీ పాత్ర నుంచి శాలువాని ఓపిగ్గా విడదీసి, గ్రీజు మరకతో సహా మా బావ భుజాల మీద కప్పారు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆ మనిషికి ఎవరూ శాలువా కప్పింది లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ప్యాంటుకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. వెనక వరసలో అక్క పైటచెంగు కళ్ళకి ఒత్తుకుంటోంది. నాకు గర్వంగానూ ఉంది, ఒళ్ళు మండిపోతూనూ ఉంది. నెల్లాళ్ళు కష్టపడింది నేను, శాలువా ఆయనకి!

తరవాతి వారం నాకు పర్మనెంటు కాగితం వచ్చింది. ఇంట్లో ఎవరూ సరిగ్గా వినను కూడా లేదు, వచ్చినవాళ్ళకి శాలువా చూపించడంలో ఉన్నారు. అక్క దాన్ని ఇప్పటికీ ఉతకలేదు. ఆ మరక పోతే శాలువాకి విలువేముందట.

ఇప్పుడు ఆ ల్యాబుకి నేనే పెద్దని. మొన్న కొత్త రోబోలు వచ్చాయి, తేలిగ్గా, ముద్దుగా, పువ్వుల్లా ఉన్నాయి. తెచ్చినతను గొప్పలు చెబుతూ ఒకదాన్ని బల్ల మీద నిలబెట్టాడు. నా చూపుడువేలు నన్నడక్కుండానే వెళ్ళి దాని తలని తోసింది.

"ఏటిది? ఇలగ ఊగిపోతందేటి?" అన్నాను.

అన్నది నేనేనని తెలియడానికి కాసేపు పట్టింది. అతను తెల్లబోయి చూస్తూ ఉండగా, నాలో నేను నవ్వుకుంటూ అలమారా తెరిచి, బోల్టుకి రెండేసి చొప్పున నట్లు వెతకడం మొదలెట్టాను.