చిన్నాయన వినని క్యాసెట్

పోయిన వారం ఇల్లందు నుంచి ఖమ్మం వస్తుంటే బస్సులో డ్రైవరు పాటలు పెట్టాడు. మూడో పాట మొదలవగానే నా పక్కన కూర్చున్న అమ్మాయి సన్నగా గొంతు కలిపింది. ఆమెకు ఆ పాట ఎవరిదో తెలియదు. అది మా చిన్నాయన కట్టిన పాట. స్పీకర్లో పాడుతున్న గొంతు మాత్రం ఆయనది కాదు.

చిన్నాయన ఇల్లందు బొగ్గుబాయిలో డ్రిల్లరు. పంతొమ్మిది వందల డెబ్బైలలో ఆ బాయిలోనే ఫిట్టరుగా చేసిన ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఊరు విడిచి పోతూ తన గిటారును ఈయన చేతిలో పెట్టిపోయాడు. అంతకుముందు రెండేళ్లు సెలవు రోజుల్లో ఆయన పక్కన కూర్చుని, రైళ్లూ గుర్రాలూ పొలాలూ ఉండే ఇంగ్లీషు పాటలకు తీగలు మీటడం నేర్చుకున్నాడు. మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. "ఏముంటది బిడ్డా, వాళ్లకూ పంటలు ఎండుతయి, వాళ్ల పెండ్లాలూ అలిగి పోతరు" అని నాకు భావం చెప్పేవాడు. మా చిన్నమ్మది బోనకల్ దగ్గర పల్లె. నాట్లేస్తూ ఆమె పాడే పాటల్ని ఆ గిటారు మీదికి తెచ్చాడు, ఆ వరసల్లో తనూ పాటలు కట్టాడు. మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత పెళ్లిళ్లకూ యూనియను మీటింగులకూ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. భద్రాచలం దాకా పోయి పాడి, తెల్లారి మళ్లీ డ్యూటీ ఎక్కేవాడు. బొగ్గు నలుపు పోని గోళ్లతో తీగలు మీటుతుంటే, ఆ గరుకు గొంతుకు మా నాయన లాంటి మొండిమనిషి కూడా కండువాతో కళ్లు ఒత్తుకునేవాడు.

బాయిలో డ్రిల్లు మోత, పేలుళ్లు ఆయన చెవుల్ని కొంచెం కొంచెంగా తినేశాయి. ముందు, పక్కన వాయించే తబలా వినిపించడం మానేసింది. అప్పుడు చిన్నమ్మ ముందు వరసలో కూర్చుని ఒడిలో చేత్తో తాళం వేసేది, ఆయన ఆ చెయ్యి చూస్తూ పాడేవాడు. జనం అది మొగుడూ పెళ్లాల ముచ్చట అనుకుని మురిసిపోయేవారు. తాళం అట్లా కాపాడింది గానీ శ్రుతిని ఆమె మాత్రం ఎట్లా చూపగలదు? ఒకసారి సగం పాటలో కుర్రాళ్లు నవ్వారు. ఆయనకు నవ్వు వినపడలేదు, మొహాలు కనపడ్డాయి. మెచ్చుకుంటున్నారనుకుని ఇంకాస్త గట్టిగా పాడాడు.

అలాంటి రోజుల్లో విజయవాడలో ఒక క్యాసెట్ల కంపెనీ పిలిచింది. ఇరవై ఏళ్లుగా ఆయన ఎదురుచూసిన పిలుపు అది. ఇద్దరూ పోయి రెండు రోజులుండి పాడి వచ్చారు. కొన్నాళ్లకు, నేను కాలేజీ సెలవులకు వాళ్లింట్లో ఉండగానే, క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద గిటారుతో చిన్నాయన ఫొటో. ఆయన టేప్ రికార్డరు పెట్టి, దాని స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

పాట మొదలైంది. కీబోర్డు, డోలక్, ఎవరిదో నున్నని గొంతు. నేను చిన్నమ్మ వైపు చూశాను. ఆమె తల దించుకుంది.

"ఎట్లొచ్చింది?" అన్నాడు చిన్నాయన.

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగి, "మంచిగొచ్చింది. నీ గొంతు ఎన్నడూ ఇంత మంచిగ లేదు" అంది. ఆయన నా వైపు తిరిగాడు. నేనూ తలూపాను.

వంటింట్లో ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "గొంతు శ్రుతిలో నిలుస్తలేదు, వేరేటోళ్లతోని పాడిస్తమన్నరు. పాటలన్న బతుకుతయని నేనే ఒప్పుకున్న. ఆయనకు ఏమని చెప్పాలె?"

ఆ రోజు తర్వాత చిన్నాయన గిటారు ముట్టలేదు. వేళ్లు నొప్పులన్నాడు. రెండేళ్లకు ఊపిరితిత్తులు చెడి దవాఖానాలో పడ్డాడు. ఒక మధ్యాహ్నం చిన్నమ్మ మందులకని కిందికి పోయినప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు.

"టేపు పెట్టె మీద చెయ్యి పెట్టిన నాడే తెలిసింది బిడ్డా. నా గిటార్ మోగితే చెక్క ఎట్లదురుతదో నా చేతికి ఎరుకే. అది అట్ల అదురలే, అందుల నేను లేను."

ఆయన తలుపు వైపు ఒకసారి చూశాడు.

"మీ చిన్నమ్మతోని అనకు. నాకు తెల్వదనుకునే ఆమె జర నిమ్మళంగ ఉన్నది." అననని ఆయన చేతిలో చెయ్యి వేశాను.

ఆ ఎండాకాలమే ఆయన పోయాడు. తర్వాత చాలా ఏళ్లు బతికిన చిన్నమ్మ, నేను పోయినప్పుడల్లా తలకు నూనె రాస్తూ అదే మాట అనేది. "ఏం చేసినా చెయ్యకున్నా, ఆయనకు తెల్వకుండ దాటించిన. అదొక్కటి మంచిగ చేసిన." ప్రతిసారీ నిజం నోటిదాకా వచ్చేది. ప్రతిసారీ "అవ్ చిన్నమ్మా" అనేదాన్ని.

ఇప్పుడు ఇద్దరూ లేరు, దాచవలసిన అవసరమూ లేదు. అయినా ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేకపోయాను. కాలం మనుషుల్ని తీసుకుపోయినంత సులువుగా, వాళ్లకిచ్చిన మాటను మన దగ్గర్నుంచి తీసుకుపోదు.