మా నాయిన మీద రాసిన వాక్యం

జపనీస్‌లో నేను సొంతంగా రాసిన మొదటి వాక్యాన్ని మా సార్ ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. అందులో తప్పేమీ లేదు. మా నాయిన ఉన్నాడు, అదే ఆయనకు నచ్చలేదు.

నర్సింగ్ అయ్యాక, జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగాల కోసం సుబేదారిలో ఒక కోచింగ్‌లో చేరాను. రోజూ కేసముద్రం నుంచి రైల్లో వచ్చేదాన్ని. మొదటి రెండు నెలలూ చిన్న చిన్న వాక్యాలే. నేను నర్సును. ఇవి నీళ్లు. నాకు వీపు నొప్పిగా ఉంది. మాటలు పేర్చుకునే తీరు మన తెలుగులాగే ఉండేసరికి నాకు ధైర్యం వచ్చింది. ఇంటి గురించి ఐదు వాక్యాలు రాయమంటే, "చిచి వా ఫుకురో ఓ హకోబిమాసు" అని మొదలుపెట్టాను. నాయిన బస్తాలు మోస్తాడు అని. మా నాయిన కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ.

సార్ చదివి నవ్వాడు.

"గిది రాస్తె నిన్నెవరు తీస్కుంటరమ్మా? కంపెనీ ఉద్యోగి అని రాయి."

"అబద్ధం గద సార్."

"ఆళ్లొచ్చి చూస్తరా? అందరు గదే రాస్తాన్రు."

నిజమే, ఇంటర్వ్యూలో చెప్పడానికి అందరికీ ఒకే జిరాక్స్ కాయితం పంచాడు. నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్లది బట్టల కొట్టు. వాళ్ల నాన్న కంపెనీ ఉద్యోగి అయిపోయాడు. ములుగు నుంచి వచ్చే అమ్మాయికి తండ్రి పోయి మూడేళ్లు. పోయినాయన్ని కూడా కంపెనీకి పంపాడు సార్. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా నోరు మూసుకుని బట్టీ పట్టాను. ఈ ఉద్యోగం రాకపోతే నాయిన ఇంకో ఏడాది ఆ నొప్పి నడుముతోనే బస్తాలు మోయాలి. ఆ భయంతో మా నాయిన్ని నేనే దాచేశాను. ఆ సిగ్గు నాదే.

ఇంటర్వ్యూ లాప్‌టాప్‌లో. అవతల జపాన్ నుంచి ఒక పెద్దావిడ. నా వంతు ఏడోది. మా నాన్న కంపెనీ ఉద్యోగి అని నేను చెప్పగానే ఆవిడ పెన్ను పక్కన పెట్టింది.

"అందరి నాన్నలూ కంపెనీలోనేనా? మీ నాన్న ఏం పని చేస్తారు?"

దీనికి కాయితంలో జవాబు లేదు. లాప్‌టాప్ వెనక నిలబడి సార్ చేతులు తిప్పుతున్నాడు. నా నోటికి ఆయన కొట్టేసిన వాక్యమే వచ్చింది. నాయిన బస్తాలు మోస్తాడు.

ఒక్కో బస్తా ఎంత బరువని అడిగింది ఆవిడ. యాభై కిలోలన్నాను. "మరి ఆయన వీపు ఎలా ఉంది?" అంది.

ఇన్నేళ్లలో యార్డులో షావుకారు గానీ, మా చుట్టాలు గానీ ఈ మాట అడిగిన పాపాన పోలేదు. పేషెంట్ల కోసం నేర్పిన వాక్యంతోనే చెప్పాను. నాయినకు వీపు నొప్పిగా ఉంది. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను.

నన్ను తీసుకున్నారు. సర్టిఫికెట్లు తెచ్చుకుందామని వెళ్లేసరికి కోచింగ్‌లో కొత్త బ్యాచ్ నడుస్తోంది. పిల్లలంతా గొంతు కలిపి వల్లె వేస్తున్నారు. బల్ల మీది జిరాక్స్ తీసి చూశాను. అందరి తండ్రులూ బస్తాలు మోస్తున్నారు.

"గిదేంది సార్?" అన్నాను.

"ఆమెకు గదే నచ్చింది గదమ్మా" అన్నాడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

కింద ఐదో వాక్యంగా మా నాయిన వీపు నొప్పిని కూడా దింపేశాడు.