ఎవ్వలు అడుగని కాలేజీ

మా మేనమామ ఎక్కడ నీళ్లు తాగినా దోసిలే పట్టేటోడు. గ్లాసు ఇచ్చినా ముట్టేటోడు కాదు. బోధన్ చెరుకు తోటల్ల కూలి చేసే ఆ మామనే, నన్ను కాలేజీల చేర్పియ్యనీకి హైదరాబాదు తీసుకపోయిండు.

ముందు ఒక చిన్న కాలేజీకి పోయినం. అక్కడి గుమాస్తా నవ్వుకుంట, "ఇక్కడ అందరం ఒక్కింటోళ్ల లెక్క ఉంటం. ఇంతకు మీదేం కులం?" అన్నడు.

మామ లేచిండు. బయటికొచ్చినంక, "ఒక్కింటోళ్లయితే అన్ని అడుగుతరు బిడ్డా. గా పెద్ద కాలేజీల వందల మంది ఉంటరు. నిన్నెవ్వలు అడుగరు" అన్నడు.

ఆ పెద్ద దాంట్లనే చేరిన. చలికాలంల మామ సచ్చిపోయిండని కార్డు వచ్చింది. దాన్ని పుస్తకంల పెట్టుకొని, మూడు రోజులు క్లాసుల అదే బెంచీ మీద కూసున్న.

మామ చెప్పినట్టే, ఏమైందని ఎవ్వలు అడుగలే.