ఎదురుకాళ్ళ వైద్యం

ఆ రోజుల్లో, అంటే కరోనా రెండోసారి వచ్చి మా సిద్దిపేట వీధులను ఖాళీ చేసి వెళ్ళిన తరువాతి నెలల్లో, జ్వరం తగ్గడం వేరు, మనిషి కోలుకోవడం వేరు అన్న సంగతి మాలో చాలామందికి ఆలస్యంగా బోధపడింది. దవాఖానలో పరీక్షలన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు. నేను మాత్రం సరిగ్గా లేను. ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినా బడిగంట ప్రకారమే దినచర్య నడుపుకునే నాకు, స్నానం చేసి తువ్వాలు ఆరవేసేసరికి ఆయాసం వచ్చేది. మంచం పట్టి ఉన్నందువల్ల నడుము బిగుసుకుపోయి, వంగితే లేవడం కష్టమయ్యేది. శరీరం కూడా క్రమశిక్షణ తప్పుతుందని నేనెన్నడూ అనుకోలేదు. (దానిని తరగతి బయట నిలబెట్టే అధికారం నాకు లేకపోయింది.)

నా అసలు బెంగ వేరు. నాతో ఒకే బడిలో పనిచేసిన ఉర్దూ సారు కూడా అదే జ్వరం నుంచి బయటపడ్డారు గానీ ఇంట్లోంచి బయటపడలేదు. పక్క వీధిలో మేడమీద ఇల్లు. రోజూ పొద్దున్నే కోమటి చెరువు కట్ట మీద నాతో నడిచిన మనిషి ఇప్పుడు కిటికీ కూడా తెరవడం లేదని, అన్నం సగంలోనే వదిలేస్తున్నారని ఆయన కోడలు చెప్పింది. ఫోను చేసి రమ్మంటే, "ఇగ మన నడకలు అయిపోయినయి సార్" అని పెట్టేశారు. ఆ మెట్లెక్కి, చేయి పట్టుకొని ఆయనను కిందికి తీసుకురావాలి. ఎక్కడానికి నాకు ఊపిరి చాలదు. అందుకే డాక్టరు గారు సూచించిన ఫిజియోథెరపీ అమ్మాయికి కబురు చేశాను. వీపులోనూ పక్కటెముకల చుట్టూనూ పట్టేసిన కండరాలను చేతులతో వదులు చేస్తానని, ఇది మందులకు తోడే తప్ప బదులు కాదని, ఎంత గుణమిస్తుందో ముందుగా చెప్పలేనని ఆమె స్పష్టంగా చెప్పింది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

నా భార్యకు నచ్చలేదు. ఎదురుకాళ్ళతో, అంటే తలకు బదులు కాళ్ళు ముందుగా వచ్చి పుట్టినవారు నడుము మీద పాదంతో మెల్లగా తడితే పట్టు విడుస్తుందని ఆమె నమ్మకం. (అడిగితే వారు కాదనకూడదట కూడా.) ఆ మాట ఇంట్లో ఎత్తవద్దని శాసించాను. ఆమె ఎత్తలేదు. ఎత్తకపోవడాన్నే నేను అనుమానించవలసింది.

మొదటిరోజు ఆ అమ్మాయి ఫోను చేసి, తాను వచ్చేసరికి చాప మీద బోర్లా పడుకొని, కళ్ళు మూసుకొని, మాట్లాడకుండా ఊపిరి తీస్తూ ఉండమంది. ఆజ్ఞను పాటించాను. తలుపు చప్పుడైంది, అడుగులు వచ్చి పక్కన ఆగాయి, నడుము మీద ఏదో ఆనింది. అరచేయి అనుకున్నాను. అరచేయి అంత పొడవుంటుందా అన్న సందేహం కలిగింది. అంతలో మడమ వంటిది తగిలితే, మోచేయి కాబోలని సర్దుకున్నాను. పైనుంచి గురగురమంటూ ఊపిరి వినిపిస్తోంది. ఇది నాకు నేర్పుతున్న శ్వాస పద్ధతి అని గ్రహించి, శ్రద్ధగా నేనూ గురగురమన్నాను. పైన వేగం పెరిగింది. నేనూ పెంచాను. కళ్ళు తిరగసాగాయి.

"సార్, నేను రాకముందే ఎవరు మొదలువెట్టిన్రు?" అని గుమ్మం దగ్గర నుంచి ఫిజియో అమ్మాయి గొంతు వినిపించింది.

కళ్ళు తెరిచి తల తిప్పితే, గోడకు చేయి ఆనించి, తెల్లటోపీతో ఉర్దూ సారు! ఆయన పాదం ఇంకా నా నడుము మీదే ఉంది. ఆయన ఎదురుకాళ్ళతో పుట్టారన్న సంగతి ఇన్నేళ్ళ స్నేహంలో నాకు తెలియలేదు. నా భార్యకు ఎలా తెలిసిందో ఇప్పటికీ అర్థం కాదు.

"మెట్లెట్ల దిగిన్రు సార్?" అన్నాను చాప మీద నుంచే.

"మీ ఇంటికెల్లి చెల్లె ఫోన్ చేసింది. నడుం పట్టి మీరు లేస్తలేరట, నా కాలు కావాలన్నది. ఆగుకుంట ఆగుకుంట వచ్చిన," అన్నారు ఆయాసపడుతూ. "గని మీరేంది, నన్ను ఎక్కిరిస్తున్నరా? నేనెట్ల ఊపిరి తీస్తే గట్లనే తీయవడ్తిరి."

ఫిజియో అమ్మాయి ఇద్దరినీ మందలించింది. పాదం ఆనించుకుంటే ఆనించుకోండి గానీ బరువు మాత్రం వేయవద్దని ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, నిదానంగా ఊపిరి తీయడం చూపించి, తరువాత నా వీపు మీద తన పని తాను చేసింది. చాయ్ తెచ్చిన నా భార్య వంగి నాకు మాత్రమే వినబడేట్టు అంది: "మీరు రమ్మంటె అన్న రాలే. మీకు అక్కెర పడ్డదంటె వచ్చిండు."

లేచి నిలబడ్డాను. నడుము నిజంగానే తేలికైంది. పాదం వల్లనా, చేతుల వల్లనా, ఆ మనిషిని మా ఇంట్లో చూసినందువల్లనా, లేక అప్పటిదాకా మింగిన మందులు ఆ క్షణానే పనిచేశాయా, ఒక క్రమంలో ఆలోచించడం అలవాటైన నా బుద్ధికి ఏమీ తేలలేదు. ఉర్దూ సారు చెప్పులు వేసుకుంటూ తిరిగి చూశారు.

"తక్కువైందా సార్?"

నిజం చెప్పడానికే నోరు తెరిచాను.

"ఇంకా కొంచెం ఉన్నది సార్. రేపు కూడ రావాలె."

"వస్త తీయిండ్రి," అని, పెద్ద బాధ్యత మీద పడినవారిలా గొణుగుతూ వెళ్ళారు.

ఆ కొంచెం నొప్పిని నేను వానకాలం ముగిసేదాకా ఎంతో జాగ్రత్తగా కాపాడుకున్నాను. పొద్దున్నే చాప పరుచుకొని, తలుపు చప్పుడు వినగానే నియమబద్ధంగా మూలిగే ఆ పెద్దమనిషి, అంటే నేనే, గుర్తుకు వస్తే ఇప్పుడు నవ్వు వస్తుంది. ఆ మూలుగులో కొంత నిజమైన నొప్పి కూడా ఉండేదేమో, అది మాత్రం నాకు ఇప్పటికీ స్పష్టం కాలేదు.