పది రోజుల క్యాప్సూళ్లు, ఒక్క రోజు సైబరాబాద్

ఈ ప్రయాణం టికెట్టుతో కాదు, మందు సీసాతో మొదలైంది. ఆఫీసులో నా పక్క సీటు స్నేహితురాలు శైలజ అరకు వెళ్దామని నెల రోజులుగా ప్రాణం తీస్తోంది. విశాఖ దాకా రాత్రంతా రైలు, ఆపైన కొండదారి. శనివారం సాయంత్రానికల్లా వస్తావో రావో తేల్చి చెప్పమంది. నాకేమో ఏడాదిలో నాలుగోసారి మూత్రంలో మంట, పొత్తికడుపులో బరువు, గంటకు మూడుసార్లు పరుగు. ఈ బాధ మొదలయ్యాక ఊళ్లు తిరగడం మానేశాను. ప్రయాణాల గురించి రాసే మనిషిని, ప్రయాణమంటేనే భయం పట్టుకుందని ఎవరితో చెప్పుకోను? ఈ మంట మళ్లీ రాకుండా ఆపుతాయని మా ఆఫీసులో ఒకావిడ చెబితే క్రాన్‌బెర్రీ పండు క్యాప్సూళ్లు తెప్పించాను. ముప్పై ఉన్న సీసా ఆరు వందలు. పది రోజులు మింగాక, అవి పనిచేశాయో లేదో రోజంతా బయట తిరిగి చూద్దామనుకున్నాను. మంట రాకపోతే అరకు, వస్తే ఇల్లే గతి.

మాది ప్రొద్దుటూరు. మా ఇంట్లో ఈ బాధకు ఒకటే పేరు, వేడి చేసింది. శనివారం పొద్దున బయల్దేరుతుంటే ఊరి నుంచి అక్క ఫోన్ చేసింది. "ఏమ్మే, మళ్లా వేడి చేసిందా? సబ్జా గింజలు నానబెట్టుకోని తాగు. యాడికి పోతాండావ్ ఇంత పొద్దున్నే?" అంది. "ఊరికే, తిరగడానికి" అన్నాను. గడప దగ్గర నిలబడి రెండు గుక్కల నీళ్లతో క్యాప్సూల్ మింగాను. నానబెట్టిన సబ్జా గ్లాసు మాత్రం వంటింట్లోనే వదిలేశాను. బయటికి వెళ్లేటప్పుడు ఎక్కువ తాగకూడదన్నది ఎనిమిదో తరగతి నుంచీ నా నియమం. బడిలో బాత్‌రూమ్‌కు తలుపు లేని రోజులవి.

హైదరాబాద్‌లో నేనుండేది కేపీహెచ్‌బీలో. అక్కడి స్టేషన్‌లో మెట్రో ఎక్కేసరికి ఎనిమిదైంది. ఆటోలో అయితే హైటెక్ సిటీకి ఇరవై నిమిషాలే. మెట్రోలో అమీర్‌పేట దాకా వెనక్కి వెళ్లి, అక్కడ లైను మారి రాయదుర్గం చేరడానికి ముప్పావు గంట దాటుతుంది, యాభై చిల్లర అవుతుంది. అయినా ఆ చుట్టుదారి నాకు నచ్చింది. ఆరేళ్లుగా ఇటువైపు ఆఫీసు బస్సులో కళ్లు మూసుకునే తిరిగాను. ఆషాఢం చినుకులు కిటికీ మీద జారుతున్నాయి. అద్దాల మేడల్లో మబ్బులు నడుస్తుంటే ఏది ఆకాశమో ఏది ఆఫీసో తెలియలేదు. దుర్గం చెరువు దగ్గర నీళ్ల మీద పొగమంచు కాసేపు కదలకుండా నిలబడింది. ఇదంతా నేను రోజూ దాటే దారేనంటే నమ్మబుద్ధి కాలేదు. ఒంట్లో ఏ బాధా లేకుండా ఉన్న ఆ గంట ఎంత తేలిగ్గా ఉందో, దిగాలనిపించలేదు.

రాయదుర్గంలో దిగి షేర్ ఆటో ఎక్కాను. నానక్‌రామ్‌గూడకు నలభై రూపాయలు. దారిలో బాత్‌రూమ్‌లు ఎక్కడున్నాయో చూసుకుంటూ కూర్చున్నాను. ఎంతసేపు పడుతుందని రెండుసార్లు అడిగేసరికి డ్రైవర్ అద్దంలో నన్ను చూసి నవ్వాడు. "ఇయ్యాల శనివారమక్కా, ఆఫీసు బస్సులు తక్కువ. పావుగంటల దింపుత. ఏం ఫికర్ చేయకుండ్రి" అన్నాడు. నా ఫికర్ ఏమిటో అతనికేం తెలుసు!

నలభై అంతస్తుల మేడల వెనక నానక్‌రామ్‌గూడ పాత ఊరు ఇంకా ఉంది. సన్నటి సందులు, అరుగుల మీద ఆరబెట్టిన బట్టలు, ఒక గేదె. వాన వెలిసి ఎండ పడితే ఆ సందంతా బంగారు రంగుకు తిరిగింది. మధ్యాహ్నం ఒక చిన్న మెస్‌లో జొన్నరొట్టె, చికెన్ కూర తిన్నాను, నూట ఇరవై. వండే ఆమె నీళ్ల చెంబు ముందు పెడితే చేత్తో అవతలికి జరిపాను. "కారం తిని నీళ్లు తాగకుంటె ఎట్ల?" అందామె. తిరిగి వెళ్లాల్సిన దూరం తలుచుకుని ఇంకో రొట్టె ముక్క తుంచుకున్నాను.

మూడింటికి మంట మొదలైంది. నాకు ఏడుపొచ్చింది. దగ్గర్లోని ఒక మాల్‌లోకి పరిగెత్తాను. అరగంటలో మూడోసారి బాత్‌రూమ్‌లోకి వెళ్లొస్తుంటే, అక్కడ శుభ్రం చేసే యాదమ్మ (బ్యాడ్జి మీద పేరుంది) తుడిచే కర్ర గోడకు ఆనించి నన్ను ఆపింది. యాభై ఏళ్లుంటాయి.

"ఏంది బిడ్డా, శాన పరేషాన్ గున్నవ్?"

"ఏం లేదమ్మా, వేడి చేసింది."

"పొద్దుగాల్నుంచి నీళ్లెన్ని తాగినవ్?"

ఎంత ఆలోచించినా లెక్క ఆ రెండు గుక్కల దగ్గరే ఆగిపోయింది. తాగితే దారిలో ఇబ్బందని చెప్పాను.

"నేను గిట్లనే జేసిన" అంది యాదమ్మ. "దినమంత ఇవే కడుగుత. గానీ పని ఇడిచిపెట్టి నేను పోకపోతుంటి. ఆపుకొని ఆపుకొని చలిజ్వరమొచ్చి దవాఖానల పడ్డ. వేడి వేడి అని ఎన్నేండ్లు దాస్తవని డాక్టరమ్మ మస్తు తిట్టింది. ఇది వేడి కాదు బిడ్డా, రోగం. జల్ది పోయి సూపిచ్చుకో."

ఆ మాటకు సిగ్గేసింది, వెంటనే ధైర్యం కూడా వచ్చింది. బైక్ ట్యాక్సీ మీద గచ్చిబౌలిలో ఒక చిన్న క్లినిక్‌కు వెళ్లాను. డాక్టరు గోదావరి వైపు ఆవిడ. పెన్ను పట్టుకుని ఏమిటి బాధ అని అడిగితే అలవాటుగా నోట్లోంచి "వేడి..." అని వచ్చేసింది. "వేడి అని రాస్తే ల్యాబ్ వాళ్లు దేన్ని పరీక్ష చేస్తారండీ?" అందావిడ నవ్వుతూ. అప్పుడు అన్నీ చెప్పాను. ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్ని గంటలు ఆపుకుంటానో, ఆ క్యాప్సూళ్ల సంగతీ. "ఇవి కొంతమందికి మళ్లీ మళ్లీ రాకుండా కాస్త ఉపయోగపడొచ్చండి, అందరికీ అని చెప్పలేను. ఉన్న ఇన్‌ఫెక్షన్‌ను మాత్రం ఇవి తగ్గించవు. నీళ్లు మానేసి, ఆపుకుని కూర్చుంటే ఏ సీసా మాత్రం ఏం చేస్తుంది?" అంది. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు మూత్రం తీసుకున్నాకే మందు రాసింది. మందు పూర్తయి, బాధ పోతే అరకు వెళ్లొచ్చంది. ఫీజు, పరీక్ష కలిపి పద్నాలుగు వందలైంది.

క్లినిక్ మెట్ల మీదే కూర్చుని శైలజకు ఫోన్ చేశాను. వేడి అనలేదు. "నాకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చిందే. తగ్గగానే వస్తాను. రైల్లో బాత్‌రూమ్ పక్క బెర్తు నాకు కావాలి. బస్సు గంటకోసారి ఆపించాలి" అన్నాను. అవతల తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"ఎదురు బెర్తు నాకు" అంది శైలజ, గొంతు తగ్గించి. "నాకూ ఈ బాధ రెండేళ్లుగా ఉందే. వెళ్లాలనీ ఉంది, భయమూ ఉంది. నువ్వు రానంటే ఆ వంకన నేనూ మానేద్దామని చూస్తున్నాను."

మందులు వాడి, తగ్గాక అరకు వెళ్లొచ్చాం. దాని గురించి రాయాల్సింది చాలా ఉంది కానీ నాకు ఎక్కువ గుర్తుండేది ఆ శనివారమే. ఆరేళ్లు పక్కపక్క సీట్లలో కూర్చున్నాం. నీళ్ల సీసాలు ఇద్దరివీ నిండుగానే ఇంటికి వెళ్లేవి. ఒకరి సీసా ఒకరం ఎప్పుడూ చూసుకోలేదు. మీరూ ఇలాంటి బాధతో ప్రయాణం పెట్టుకుంటే ఒక్క మాట: ఏ సప్లిమెంటైనా కొనకముందే మూత్ర పరీక్ష చేయించుకోండి. చలిజ్వరమో, నడుం పక్కల నొప్పో, మూత్రంలో రక్తమో కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు పక్క సీటు ఆవిడను కూడా, మీకూ ఉందా అని ఒకసారి అడగండి.