పన్నెండూ పది

హెర్న్‌డన్‌లో అపార్ట్‌మెంట్ మారుతూ పుస్తకాల పెట్టె విప్పితే, అడుగున ఉన్న నీలం అట్ట నోట్‌బుక్‌లోంచి ఉప్పు, ఇంగువ, తడి కాన్వాసు కలిసిన వాసన వచ్చింది. ఏ వేళకి ఎక్కడ ఏం చేశామో రాసుకునే మా పడవ లాగ్‌బుక్ అది.

నాన్న, ఆయన ఆఫీసు స్నేహితుడు శంకరం అంకుల్ కలిసి కొన్న పాత తెరచాప పడవలో, ఎడిసన్‌లో బడికి సెలవులిచ్చాక ప్రతి ఏడూ రెండు వారాలు మెయిన్ రాష్ట్రం తీరం వెంట తిరిగేవాళ్ళం. జులైలోనూ స్వెటర్ విప్పనివ్వని చలి, పొద్దున్నే ముఖానికి తడిగా తగిలే పొగమంచు, అందులో ఎక్కడో నీళ్ళమీద తేలుతూ, కనపడకుండా మోగే బోయా గంట, రాళ్ళమీద బద్ధకంగా దొర్లే సీల్స్, ఒడ్డున కోసుకొచ్చిన బ్లూబెర్రీలతో అమ్మ నూరే కారప్పచ్చడి, వీటన్నిటి మధ్య ముడులు వేయడం, ఆటుపోట్ల పట్టిక చూడడం అంకులే నేర్పారు. ఎవరితోనూ మాట్లాడని పిల్లనని లాగ్ నాకప్పగించి, "నోరు విప్పక్కర్లేదురా, రాస్తే చాలు" అన్నారు.

మధ్యాహ్నం వేడి అన్నం లేకపోతే నాన్నకి కుదరదు. అలల మీద కుక్కర్ నిలవదు కనక, రోజూ ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. నాకు పదకొండేళ్ళప్పుడు, రెండు కొండల మధ్యకి సముద్రం పొడుగ్గా చొచ్చుకొచ్చిన ఫ్యోర్డ్‌లో, ఒడ్డుకి బాగా దగ్గరగా నాన్న లంగరు వేయబోయారు.

"ఇది నిండు పోటు బాస్. సాయంత్రానికి ఇక్కడ రాళ్ళే మిగుల్తాయి."

"మూడు విజిల్సే కదా. నీ లెక్కలు ఆపు."

అంకుల్ వాచీ చూసి నాకు టైము చెప్పారు. రాసుకున్నాను.

మూడు విజిల్స్‌తో అయిపోలేదు. ఆవకాయన్నం, పెరుగన్నం, ఆపైన నాన్న కునుకు. అంకుల్ రెండుసార్లు లేపితే, పది నిమిషాలంటూ అటు తిరిగి పడుకున్నారు. నీళ్ళు నెమ్మదిగా జారిపోయాయి. పడవ పక్కకి ఒరిగి, గిన్నెలన్నీ దొర్లి, కింద ఏదో ఫెళ్ళుమంది. మళ్ళీ పోటు వచ్చేసరికి పగులులోంచి నీళ్ళు లోపలికొచ్చాయి. చివరికి లాబ్‌స్టర్లు పట్టే పడవవాళ్ళెవరో మమ్మల్ని లాక్కొచ్చారు.

బాగా రాత్రయినా, సెలవులకి అక్కడికొచ్చిన నాన్న ఆఫీసువాళ్ళు రేవులో కుటుంబాలతో భోజనాలకి మాకోసం ఎదురు చూస్తున్నారు. వాళ్ళ ముందు నాన్న నవ్వుతూ, శంకరమే అక్కడ ఆపమన్నాడని చెప్పారు. అంకుల్ కాదన్నారు. నాన్న నావైపు తిరిగారు.

"అమ్మలూ, అంకులే కదా ఆపమంది? లాగ్ రాసేది నువ్వేగా."

నోట్‌బుక్ నా చంకలోనే ఉంది.

"ఊఁ" అన్నాను.

తెరిచి చూపించమని అంకుల్ అడగొచ్చు. అడగలేదు. రోజూ నాకిచ్చే పెన్ను జేబులోంచి తీసి, నా చేతిలో పెట్టి, తన కారు వైపు వెళ్ళిపోయారు. తర్వాతి వేసవికి పడవ లేదు. అంకుల్ మా ఇంటికి మళ్ళీ రాలేదు. అమ్మ ఆ పచ్చడీ మళ్ళీ చేయలేదు.

ఇవాళ పేజీ తీసి చూశాను. పసుపు మరక పక్కన గుండ్రటి అక్షరాలు: పన్నెండూ పది. నాన్న లంగరు వేశారు. అంకుల్ వద్దన్నారు.

పోయిన నెల ఎడిసన్‌లో ఒక పెళ్ళి భోజనాల దగ్గర నాన్న ఆ కథ ఇంకోసారి చెప్పారు. ఆటుపోట్లు తెలియని శంకరం కథ. అందరూ నవ్వారు. ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడి, నేనూ నవ్వాను.