ఓబులేసు గోరీకి సున్నం

జ్ఞానమ్మవ్వ మొగుడు దాసయ్య హిట్లర్ సైన్యాన్ని తరమడానికి పోయి ఇటలీలో చనిపోయాడు. మా జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరికీ పట్టదు. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఆ యుద్ధానికి ఇరవై అయిదు లక్షల మంది మనవాళ్లు సైన్యంలో చేరితే, మా పుస్తకంలో వాళ్లకు దక్కింది ఒకటిన్నర వాక్యం. ఆ పాఠం వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

దాసయ్యది వంతెనలు కట్టే పటాలం. పెళ్లయిన ఎనిమిది నెలలకు యుద్ధానికి పోయాడు. 1943 నవంబరులో సాంగ్రో అనే ఏటి మీద వంతెన వేస్తుంటే గుండు తగిలింది. అవ్వకప్పుడు పద్దెనిమిదేళ్లు. మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు.

ఏటా నవంబరు రెండున సమాధుల పండగకు మేమంతా మావాళ్ల గోరీలకు సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. అవ్వకు ఆ దినమంతా ఒకటే మాట. "నా మొగుని గోరీకి సున్నం ఎవురు కొడతాండారో ఏమో!"

మూడేళ్ల కిందట మా చర్చివాడే ఓబులేసును ఫ్యాక్షన్‌లో నరికేశారు. పెళ్లాం పిల్లల్ని తీసుకుని చక్రాయపేటకు పారిపోయింది. దిక్కులేని ఆ గోరీకి అప్పటినుంచి అవ్వే సున్నం కొడుతోంది. "ఈడ నేను ఈయనకు కొడితే, ఆడ ఎవురో ఒకరు మా ఆయనకు కొట్టకపోతారా" అనేది.

ఈ ఏడు, 1986లో, పండగకు వారం ముందు పాలయ్య వచ్చాడు. ఓబులేసును చంపించిన పార్టీకి జెండా మోసేవాడు.

"అవ్వా, ఈసారి వాని గోరీ ముట్టుకున్యావంటే నీకు ఈ కాంపౌండులో తల దాచుకునేకి కొట్టం ఉండదు. చెప్తాండా."

అవ్వ భయపడిపోయింది. సున్నం కుండకు మూత పెట్టేసింది. "ఇంగ మా ఆయనకూ ఎవురూ కొట్టరులే" అని గోడకు తిరిగి పడుకుంది. పాలయ్యకు నాలుగు తగిలించాలనిపించింది నాకు.

నేను రెండేళ్ల కిందట సైన్యం వాళ్లకు దాసయ్య గోరీ గురించి ఉత్తరం రాసి, మరిచిపోయాను. సరిగ్గా నవంబరు ఒకటిన జవాబొచ్చింది. కవరులో ఫోటో. పచ్చగడ్డిలో వరసలుగా తెల్లటి రాళ్లు. ముందున్న రాయి మీద ఇంగ్లీషులో దాసయ్య పేరు, సిలువ గుర్తు.

అవ్వకు చదువు రాదు. పేరు చూపించాను. ఆమె వేలు రాయంతా తిరిగింది.

"అరుణమ్మా, సున్నం కొట్నారే! ఎంత తెల్లగా ఉందో సూడు. అందరికీ కొట్నారు, ఒక్కర్నీ ఇడిసిపెట్టలా!"

ఆ రాయి రంగే తెలుపని నాకు తెలుసు. చెప్పడానికి మనసొప్పలేదు.

"ఆడ ఎవురో నాలాంటి ఆడమనిషే కొట్టింటాది. నలభై మూడేండ్లు కొట్టిందంటే ఎంత మంచిదో ఆయమ్మ! ఒక్కసారి పోయి ఆమె చేతులు పట్టుకోవాలని ఉంది తల్లీ" అని ఫోటో గుండెకు హత్తుకుని ఏడ్చింది.

మరునాడు పొద్దున పాలయ్య గోరీల గేటు దగ్గరే కాపలా ఉన్నాడు. అవ్వ సున్నం కుండ చంకన పెట్టుకుని అతని ముందరే పోయి ఓబులేసు గోరీ దగ్గర కూర్చుంది.

"చెప్పినా గదా అవ్వా!"

"చెప్పినావులేప్పా. ఆడ ఆయమ్మ నా మొగునికి మానుకోలా. ఈడ నేను మానుకుంటే ఆమెకు ఏం మొగం సూపియ్యాల?"

కుంచె ముంచింది. నేను కొంగు బిగించి, ఇంకో కుంచె తీసుకుని అవతలి పక్క కూర్చున్నాను.